మేఘన మధ్యాహ్నపు నిద్ర

పోయిన వారం మిరియమ్‌ను మనం మేడమెట్ల మలుపులో వదిలేసి వచ్చాం. భుజాన కుట్టుగుడ్డల సంచి, నడినెత్తిన వైశాఖమాసపు ఎండ, చెవుల్లో తాయప్ప పాస్టరు పొద్దున అన్న మాట. "మేఘన తనంతట తానే వచ్చి అడిగిందమ్మా. ఆదివారం బాప్తిస్మమని మీ డర్బనోళ్ళకు చెప్పేసినా" అన్నాడాయన. మేఘన ఎవరో కాదు, మిరియమ్ అద్దెకున్న ఇంటివాళ్ళ కోడలు. ఈ సంగతి ఆ పిల్ల అత్తగారికి తెలిస్తే ఏమవుతుందా అని బెంగపడుతూ చివరి మెట్టు ఎక్కేసరికి, గది గడప మీద ఆ అత్తగారే కూర్చుని ఉంది.

రామలక్ష్మమ్మకు మోకాళ్ళ నొప్పులు. మిరియమ్ ఈ ఇంట్లో దిగినప్పటినుంచి ఆమె ఒక్కసారి కూడా మేడెక్కలేదు. నల్లా నీళ్ళు వచ్చాయన్నా, గేటు వేసుకోమన్నా అంతా కిందనుంచి కేకే. అలాంటి మనిషి చీర కొంగుతో మెడ తుడుచుకుంటూ, ఎక్కిన ఆయాసం ఇంకా తీరక, మూసిన తలుపుకు వీపు ఆనించి కూర్చుంది.

"రామ్మా. నీ ఇంటి ముందర నేనే కాపలా ఉండా. తలుపు తీయి."

"పిలిస్తే నేనే దిగేదాన్ని కదా పెద్దమ్మా. ఈ ఎండలో మీరెందుకు ఎక్కారు?"

"కింద అడిగే మాట కాదిది."

మిరియమ్ తాళంచెవి కోసం సంచిలో చెయ్యి పెట్టింది. సరే, అయిపోయింది అనుకుంది. ఖాళీ చెయ్యమంటుంది. బట్టలు రెండు పెట్టెల్లోకి వస్తాయి, కుట్టుమిషను పాస్టరుగారింటికి పంపించవచ్చు. భయం వేయాల్సిన చోట ఆమెకు చిత్రంగా కాస్త హాయి అనిపించింది. ఎవరో ఒకరు పొమ్మంటే పోవచ్చు. తనంతట తాను పోతానని చెప్పే ఓపిక కూడా లేని రోజులవి.

ఈ కథలోకి ఇప్పుడే వచ్చినవారికి రెండు ముక్కలు చెప్పుకోవాలి. మిరియమ్ నాయుడుకు ఇరవై నాలుగేళ్ళు. పుట్టి పెరిగింది దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో. చెరకు తోటల పనికి ఓడెక్కిన తెలుగువాళ్ళ నాలుగోతరం పిల్ల. వాళ్ళ కుటుంబం క్రీస్తును నమ్ముకున్నది అక్కడే. అమ్మమ్మ ఒళ్ళో నేర్చిన తెలుగు ఉందన్న ఒకే కారణంతో వాళ్ళ సంఘం ఆమెను రెండేళ్ళ సేవకని బళ్ళారికి పంపింది. కౌల్ బజార్‌లో తాయప్ప పాస్టరు నడిపే కేంద్రంలో ఆడవాళ్ళకు కుట్టు నేర్పడం, సందుల్లో తిరిగి కష్టసుఖాలు కనుక్కోవడం, అడిగినవాళ్ళకు దేవుని మాట చెప్పడం ఆమె పని.

వచ్చిన కొత్తలో ఎంత ఉత్సాహం! ఆమె ఫారిన్ పిల్లంటే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. "అబద్ధాలు చెప్పాకు మా, నువ్వు అచ్చం మా సిరిగేరి పిల్ల మాదిరుండావు" అనేవాళ్ళు. మిరియమ్ అన్న పేరును వారం తిరక్కుండానే మిరియమ్మను చేసేశారు. నాయుడని విని రామలక్ష్మమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "నాయుడోళ్ళా? మరి కిరస్తానం యాడ పట్టుకొంటిరి?" అని అడిగి, జవాబు విననైనా వినకుండా మేడగది తాళం చేతిలో పెట్టింది. కుట్టు నేర్పే టీచరమ్మ, ఒంటి ఆడపిల్ల, మాంసం వాసన కిందికి రాకపోతే చాలు. అదీ ఆనాటి ఒప్పందం.

ఆ ఉత్సాహం ఎప్పుడు ఇంకిపోయిందో మిరియమ్‌కే సరిగ్గా తెలియదు. ఇంకిపోయిందని మాత్రం తెలుసు. తెల్లవారకముందే లేచి చాప పరుచుకుని బైబిలు ముందు కూర్చునే అలవాటు పోలేదు. పెదవులు కదిలేవి. లోపల ఏదీ కదిలేది కాదు. అంతలో కింద నల్లాలో గాలి బుసకొట్టేది. వారానికోసారి వచ్చే నీళ్ళు మరి, దేవుణ్ణి అక్కడే వదిలేసి బిందెలెత్తుకుని పరిగెత్తాలి. మెట్లెక్కీ దిగీ నడుము విరిగేది. ఆ తరవాత రెండు రొట్టెలు నమిలి కేంద్రానికి. మిషన్ల కింద పసిపిల్లల్ని పడుకోబెట్టి తల్లులు పెడళ్ళు తొక్కుతుంటే, విరిగిన సూదులు మారుస్తూ, కత్తిరింపులు సరిచేస్తూ మధ్యాహ్నం. ఎండవేళ కాసేపు గదికి వచ్చిపోయి, ఆ పైన సందులు. కొన్ని తలుపులు తెరుచుకునేవి, మంచినీళ్ళిచ్చేవి, పెళ్ళెప్పుడని అడిగేవి. కొన్ని ఆమెను చూసి మూసుకునేవి. ఒకప్పుడు మూసిన తలుపుల ముందు కన్నీళ్ళొచ్చేవి. ఇప్పుడు, అమ్మయ్య, ఇక్కడ మాట్లాడక్కర్లేదు అనిపించేది. ఆదివారం సాయంత్రం డర్బన్ సంఘమంతా ఫోన్ తెర మీద కిక్కిరిసి చేతులూపుతూ "ఫలం ఏమైనా కనబడిందా సిస్టర్?" అని అడిగేది. అమ్మమ్మ ముందు వరసలోనే ఉండేది. కనబడుతోంది, ప్రార్థించండి అనేది మిరియమ్. ఫోన్ పెట్టేశాక దవడలు నొప్పి పుట్టేవి, అంతసేపు నవ్వినందుకు.

తలుపు తీసి లోపలికి రమ్మంది. రామలక్ష్మమ్మ గోడ పట్టుకుని లేచి, గదంతా కలయజూసింది. ఒక చాప, ఒక మిషను, మూలన గుట్టగా జీన్సు ప్యాంట్లు. చుట్టుపక్కల ఇళ్ళల్లో కుట్టిన ప్యాంట్లకు మిగిలిపోయిన దారాలు కత్తిరించి ఇవ్వడం ఖాళీ వేళల్లో మిరియమ్ పెట్టుకున్న పని. గోడలు బోసిగా ఉన్నాయి.

"ఏం మా, మీ దేవుడు యాడుండాడు? ఒగ పటమన్నా లేదే?"

"మేం పటాలు పెట్టుకోం పెద్దమ్మా."

"మరి ఎవుర్ని చూసి మొక్కుతారు?"

ఈ ప్రశ్నకు మిరియమ్ దగ్గర మంచి జవాబే ఉంది. ఎన్ని గుమ్మాల ముందు చెప్పిందో. ఈ రోజు మాత్రం "నీళ్ళిస్తా ఉండండి" అంటూ బిందె వైపు తిరిగింది.

రామలక్ష్మమ్మ నీళ్ళు తాగి, చాప మీద కాళ్ళు చాపుకుని, పక్కన నేలను అరచేత్తో తట్టింది. "కూచో. నేను కొట్లాటకు రాల్యా. మా పిల్ల దినామూ మజ్జాన్నం నీకాడికి వస్తాది గదా. నేను నిద్దరపోతి ననుకొని మెల్లగ ఎక్కుతాది. ముసిలిదానికి నిద్దర యాడిది? అన్నీ ఇంటాంటా."

మిరియమ్ పక్కన కూర్చుంది.

"పొద్దున పెట్టిన రొట్టె పెట్టినట్లే ఉంటాది తట్టలో. ఈడికొచ్చి దిగినాంక సగం రొట్టె తింటాది. తల దువ్వుకుంటాది. నిన్న పుంటికూర పప్పు ఇంకొంచెం ఎయ్యమని అడిగె. అడిగె మా, నోరు తెరిచి! అందుకే వచ్చినా. ఏం మంత్రం చెప్తాండావు దానికి?"

ఆ ఇంటి మీదికి వచ్చిపడ్డ కష్టం మిరియమ్‌కు తెలుసు. శివరాత్రికి ముందు మేఘనకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. ఆపరేషన్ చేసి తీశారు. ఆడపిల్ల. ఊపిరి అందక ఒక్క రాత్రి బతికి, తల్లికి మత్తు పూర్తిగా దిగకముందే పోయింది. మేఘన భర్త కేశవ బిడ్డను గుడ్డలో చుట్టుకుని, పూడ్చడానికి సొంతూరు సిరిగేరిలోని పొలానికి తీసుకుపోయాడు. ఆస్పత్రి నుంచి వచ్చిన నాటినుంచి మేఘన గోడ వైపు తిరిగి పడుకునే ఉండేది. కేశవకు సండూరు గనుల దగ్గర లారీలున్నాయి. మొదట్లో రోజూ వచ్చేవాడు. తరవాత తరవాత ఆ గోడను చూడలేక, ఖనిజం లోడింగు ఉందని అక్కడే ఉండిపోవడం మొదలుపెట్టాడు.

"నేను చెయ్యందేముండాది చెప్పు" అంటోంది రామలక్ష్మమ్మ. "హులిగెమ్మ గుడికి తీసుకపోతి. దర్గాకు పోయి తాయెత్తు కట్టిస్తి. డాక్టరు మాత్రలు రాసిచ్చె. మాత్ర మింగితే పడుంటాది, లేస్తే మళ్ళా గోడ చూస్తాది. నీకాడ ఏముండాదో నాకు తెల్దు. ఏందో ఉండాది." ఆమె గొంతు తగ్గించింది. "ఆదివారం నీళ్ళల్లో ముంచుతారంట గదా. బజార్లో నా చెవిన పడె."

వచ్చింది అసలు మాట, అనుకుంది మిరియమ్. "పెద్దమ్మా, ఆ సంగతి నాకూ పొద్దున్నే..."

"ముంచుకోండి. నేను అడ్డం రాను."

మిరియమ్ తలెత్తి చూసింది.

"నిజమే చెప్తాండా. కేశవకు నేను చెప్పుకుంటా. వాడు ఎగురుతాడు, నాలుగు మాటలంటాడు. సిరిగేరిలో మావోళ్ళు నాలుగు దినాలు నోరు పారేసుకుంటారు. వరికోతలొస్తే ఎవుని పని వానిది. నాకు పిల్ల బతకల్ల. కన్నోళ్ళు నమ్మి నా చేతిలో పెట్టిరి. మీ దేవుడు బతికిస్తాడంటే మీ దేవునికే ఇస్తా. పో."

చెప్పి, ముఖం పక్కకు తిప్పుకుంది. ఇంటిల్లిపాదికీ కేకలేసి పని చెప్పే ఆ మనిషికి, ఒకరి ముందు ఇలా చెయ్యి చాపడం ఎంత కష్టమైందో ఆ మెడనరాలు చెబుతున్నాయి.

ఇన్నాళ్ళూ మిరియమ్ ఏ ఫలం కోసం ఎండల్లో తిరిగిందో ఆ ఫలం కొమ్మ వంగి చేతికందుతోంది. అదీ తాను అందరికంటే ఎక్కువ భయపడిన మనిషి చేతుల మీదుగా. 'సరే పెద్దమ్మా' అంటే చాలు. ఆదివారం సాయంత్రం ఫోన్ తెర మీద నవ్వు తెచ్చిపెట్టుకోనక్కర్లేదు. తాయప్ప పాస్టరు కేంద్రం రేకుల కింద పదేళ్ళుగా ఒంటెద్దులా లాగుతున్నాడు, ఆయన ముఖం వెలుగుతుంది. మతం మార్పించిందని ఫిర్యాదు చేసేవాళ్ళుంటే పోలీసులొస్తారు, తన వీసా పోతుంది, నిజమే. కానీ ఇంటిపెద్దే ఒప్పుకున్నాక ఎవరు చేస్తారు?

అనడానికి నోరు తెరిచింది కూడా. కానీ వచ్చిన మాట వేరు.

"నేను మేఘనకు ఏమీ చెప్పలేదు పెద్దమ్మా."

"ఏమీ అంటే?"

"ఏమీ అంటే ఏమీ. దేవుని మాట ఒక్కటి కూడా చెప్పలేదు. పాట పాడలేదు. మొదటిరోజు వచ్చి, 'అక్కా, ఈడ కొంచెంసేపు పడుకుంటా' అంది. ఆ గోడ పక్కన పడుకుంది. రోజూ అంతే. నేను ఇక్కడ కూర్చుని దారాలు కత్తిరించుకుంటా. ఆమె నిద్రపోతుంది. లేచి వెళ్ళిపోతుంది."

"నిద్దరా?" రామలక్ష్మమ్మ కళ్ళు చిన్నవి చేసింది. "రాత్రంతా కన్ను మూయని పిల్ల నీకాడికొచ్చి నిద్దరపోతాదా?"

"అవును. బాప్తిస్మం ఎందుకు అడిగిందో నాకు తెలీదు. ఇంకోటి పెద్దమ్మా. నా దగ్గర ఏదో ఉందనుకుంటున్నారు మీరు. లేదు." ఎవరికీ చెప్పని మాట. అమ్మమ్మకు చెప్పనిది, పాస్టరుకు చెప్పనిది, ఈ ముసలామెకు ఎందుకు చెబుతోందో ఆమెకే తెలియదు. బహుశా దాచుకునే ఓపిక అయిపోయింది. "ఉగాది ముందునుంచీ నేను ప్రార్థన చెయ్యలేకపోతున్నా. కూర్చుంటా. రాదు. అవతల ఎవరూ లేనట్టుంటుంది. కేంద్రంలో చెప్పేవన్నీ చెబుతున్నా, పని కాబట్టి. అంతే."

రామలక్ష్మమ్మ చాపిన కాళ్ళు ముడుచుకుని ఆమె వైపు పూర్తిగా తిరిగింది. కోపం వచ్చిందని మిరియమ్‌కు అర్థమైంది.

"అంటే అంగట్లో లేని సరుకు అమ్మేదానికి ఊరంతా తిరుగుతాండావా?"

మిరియమ్ తల దించుకుంది.

"ఈ ఎండల్లో, ఆ సంచి ఏసుకొని, ఇంటింటికీ పోయి! లేని సరుకు!" ఆమె కసిరింది. కసిరి, ఉన్నట్టుండి ఊపిరి వదిలేసింది. "ఏం చేస్తావులే. నేనూ సాయంత్రం దీపం పెడ్తాండా. చెయ్యి అలవాటు కొద్దీ పెడ్తాది. మనసు యాడో ఉంటాది. ఎవురికి చెప్పుకుంటాం?"

వీధిలో ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. అంతలో తలుపు దగ్గర నుంచి ఎవరో అన్నారు.

"నేను నిద్రపోలేదు."

మేఘన గడప అవతల నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంతసేపటినుంచి వింటోందో తెలియదు. ఒంటికి వదులైపోయిన జాకెట్టు, జారిపోయిన జడ. మనిషి సగమైంది. కళ్ళు మాత్రం ఇద్దరినీ నిలదీస్తున్నట్టున్నాయి.

"ఒగ దినం కూడా నిద్రపోలేదత్తా. కండ్లు మూసుకొని పడుకుంటా, అంతే. నేను నిద్రపోయినా ననుకొని అక్క మాట్లాడుతాది."

"ఎవురితో?"

"ఆయనతో. దేవునితో."

మిరియమ్ మూలనున్న ప్యాంట్ల గుట్ట వైపు చూసింది. దారాలు కత్తిరిస్తూ తాను ఏదో గొణుక్కోవడం నిజమే. అమ్మమ్మ తెలుగులో సగం, ఇంగ్లీషులో సగం. అది ఒంటరితనంలో పడిన అలవాటనుకుంది. పక్కన పడుకున్న మనిషి వింటోందన్న ఊహే లేదు. ఏమేం అందో గుర్తుచేసుకోబోయింది. గుర్తొచ్చిన కొద్దీ ముఖం వేడెక్కింది.

"మేఘనా, అది ప్రార్థన కాదు. నేను..."

"తెల్సక్కా. తిడ్తావు. 'నువ్వున్నావా లేదా చెప్పు' అంటావు. 'ఉండి చూస్తూ ఊరుకున్నావా' అంటావు. ఒగ దినం కత్తెర ఇసిరికొడ్తివి." మేఘన లోపలికి వచ్చి గోడకు ఆనుకుంది. నెలల తరబడి వాడని గొంతు, మాట మాటకూ జీర పోతోంది. "నా పాప గురించి అడుగుతావు. అందుకే వస్తాంటి."

రామలక్ష్మమ్మ కొంగు సర్దుకుంది. "ఆ మాటలెందుకులే ఇప్పుడు. కూచో, కళ్ళు తిరిగి పడేవు."

"చూడక్కా, ఇట్లనే!" మేఘన అత్త వైపు చెయ్యి చూపింది. "ఉయ్యాల అటకెక్కిచ్చె. నేను కుట్టిన చిన్న జుబ్బాలు ఎవురికో ఇచ్చేసె. 'ఆ మాట ఇంట్లో ఎవురూ ఎత్తగూడదు' అని అందరికీ చెప్పె. మా ఇంటాయన ఎత్తడు. మా అమ్మ ఫోన్ చేస్తే తిన్నావా పండుకున్నావా అంటాది గానీ ఎత్తదు. నాకు పాప పుట్టిందా, నేనే కల కన్నానా? నాకు మత్తు వదిలేలోపల తీసుకపోయిరి. నేను చూడనే లేదత్తా నా పాపను. ఎట్లుండెనని నిన్నడిగితే ఏమన్నావు? 'మర్చిపో' అన్నావు."

రామలక్ష్మమ్మ చాప అంచున లేచిన పుల్లను పీకుతోంది.

"అక్క చూసింది. ఆస్పత్రికి కాఫీ తెచ్చినప్పుడు పాపను పెట్టిన గది అద్దంలోంచి చూసిందంట. అది నాకు చెప్పల్యా, దేవునికి చెప్పె. 'తలనిండా అంత జుట్టు పెట్టి, అంత పొడుగు వేళ్ళు పెట్టి, ఒక్క ఊపిరి పెట్టడానికి నీకు చేతులు రాలేదా' అని ఆయన్ను అడుగుతాంటే, నేను ఆ గోడకల్లా తిరుక్కొని వింటి. నా పాపకు తలనిండా వెంట్రుకలుండెనని నాకు తెలిసింది ఆ పొద్దే. దిగిపోయి రొట్టె తింటి."

మిరియమ్ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. తాను ఎవరూ లేని చీకట్లోకి విసిరిన మాటలు ఇన్నాళ్ళూ ఒక మనిషికి అన్నమైనాయా? అందులో సంతోషపడాల్సింది ఏముందో, సిగ్గుపడాల్సింది ఏముందో ఆమెకు తేలలేదు. చేతులు తీసి, అలసిపోయిన గొంతుతో అడిగింది.

"అది సరే మేఘనా. దానికి బాప్తిస్మం ఎందుకు? ఆయన ఉన్నాడో లేడో నాకే తెలీదని విన్నావు కదా?"

"ఇన్నా. ఉండాడో లేడో తెలీకుండానే నువ్వు ఇడిచిపెట్టకుండా అడుగుతాండావు గదా. నాకూ అడగల్లని ఉండాది. కొట్లాడేదానికి ఒగ దేవుడు కావల్ల గదక్కా. నన్ను గుడికి తీసుకపోయిరి, దర్గాకు తీసుకపోయిరి. మొక్కుకో అనిరి. అడుగు అని, తిట్టు అని ఎవురూ చెప్పల్యా."

"ఓసి పిచ్చిదానా!" రామలక్ష్మమ్మ నేలను అరచేత్తో కొట్టింది. "మన దేవుండ్లను తిట్టగూడదని నీకెవురు చెప్పిరి? వాన రాకుంటే మా అవ్వ సుంకులమ్మ తల్లి గుడి ముందర నిలబడి నోటికొచ్చినట్ల తిడ్తాండె. ఊరంతా ఇంటాండ్రి. దానికోసం నీళ్ళల్లో మునగల్లనా?"

"మరి నువ్వు తిడ్తివా అత్తా? నా పాప పోతే నువ్వు ఎవుర్నన్నా తిడ్తివా? ఒగ కన్నీటిబొట్టు రాల్చలేదే నువ్వు. మరుసటి దినం వాకిలి ఊడ్చి ముగ్గేస్తివి!"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. రామలక్ష్మమ్మ పెదవులు బిగించి, మోకాళ్ళను రెండు చేతులతో పట్టుకుని నేల చూపులు చూసింది. మిరియమ్ లేచి మేఘన భుజం మీద చెయ్యి వేసింది. "ఆదివారం ఏమీ వద్దు. నేనే పాస్టరుగారికి చెబుతా. నువ్వు ఇంకా కోలుకోలేదు. మీ ఆయనతో మాట్లాడకుండా..."

"మాట్లాడినా. పొద్దున ఫోన్ చేసి చెప్తి."

"ఏమని?"

"ఆదివారం మునుగుతా నని. అక్క దేవుడు నాకు కావల్లని."

మిరియమ్ చెయ్యి అలాగే ఉండిపోయింది. "ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. పెట్టేసె."

సండూరు ఏమంత దూరం? ఫోన్ పెట్టేసిన మనిషి ఊరికే కూర్చోలేదని వాళ్ళకు వెంటనే తెలిసింది. వీధిలో కారు ఆగింది. ఒక తలుపు చప్పుడు కాదు, నాలుగు తలుపులు వరసగా పడ్డాయి. గేటు గోడకు కొట్టుకుంది.

"అమ్మా! యాడుండావు?" కేశవ గొంతు. దాని వెనక మరికొన్ని మగగొంతులు, అందులో సగం కన్నడంలో. "ఆ ఫారినామెను కిందికి రమ్మను! సామాను ఎత్తుకొని రమ్మను! నా పెండ్లాన్ని మతంలో కలిపేదానికా మా ఇంట్లో చోటిచ్చింది? స్టేషన్‌లో మాట్లాడొచ్చినా!"

మేఘన ముఖంలో నెత్తురు లేదు. మిరియమ్ తన రెండు పెట్టెల వైపు చూసింది. ఇందాక కోరుకున్నది ఇదే కదా, ఎవరో ఒకరు పొమ్మనాలని. తీరా వచ్చాక వాటి మీద చెయ్యి వేయబుద్ధి కాలేదు. ఈ పిల్లను ఈ గోడ పక్కన ఇలా వదిలేసి ఎలా పోవడం? చాలా రోజుల తరవాత ఆమెకు ఒకటి గట్టిగా అనిపించింది, పోకూడదని.

"నేను దిగి మాట్లాడతా" అంది. "తప్పు నాది కాదని చెప్పను. నేనే..."

"నువ్వు కూచో."

రామలక్ష్మమ్మ లేస్తోంది. గోడ పట్టుకుని, మిషను పట్టుకుని, నొప్పికి పళ్ళు బిగించి లేచింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు అప్పటికే సగం దూరం వచ్చింది. ఆమె తలుపు దగ్గరికి నడిచింది. కొడుక్కి ఎదురెళ్తుందనుకున్నారిద్దరూ. ఆమె రెండు రెక్కలూ దగ్గరకు లాగి, లోపల గడియ వేసింది.

"కేశవా, అట్లే నిలబడు. పిలిస్తే రా" అని తలుపులోంచి ఒక్క కేక వేసి, ఇటు తిరిగింది. వీపు తలుపుకు ఆనించింది. అవతలనుంచి కొడుకు కొట్టే దెబ్బలకు ఆమె భుజాలు కదులుతున్నాయి.

"నేను ఏడవల్యా. నిజమే" అంది మేఘనతో. "ఏడిస్తే నువ్వూ పోతావని భయపడ్తి. నర్సమ్మ లోపలికి రానిస్తే ఆ రాత్రంతా నేను పాప దగ్గరే కూచుంటి. నీకూ తెల్దు, కేశవకూ తెల్దు. తెల్లారేలోపల పోతాదని డాక్టరు నాతో చెప్పె. పేరు లేకుండ పంపించగూడదని, ఒంగి దాని చెవిలో మూడు సార్లు చెప్తి."

"ఏం చెప్తివి?"

"పేరు. నీ పాపకు నేను పేరు పెట్టినా. వాళ్ళ నాయనకు కూడా చెప్పల్యా ఇంతదంకా."

తలుపు మీద మళ్ళీ దెబ్బ పడింది. ఈసారి గడియ కదిలింది. మేఘన గోడను వదిలేసి, తూలుతూ వచ్చి అత్త రెండు చేతులూ పట్టుకుంది.

"ఏం పేరత్తా?"